సుబ్బారావుగారి వారసులమా?

ఎల్లాప్రగడ సుబ్బారావుగారు ఈ చెన్నపట్నపు వైద్య కళాశాలలోనే చదివిరని మనము గర్వింతుము. లెడర్లీ సంస్థలో ఆయన పరిశోధనాధిపతిగా నుండగా కనుగొనబడిన ఆరియోమైసిన్ 1948లో లోకమునకు వెల్లడియయ్యెను. నేడు న్యుమోనియా కలిగించు న్యుమోకాకస్ క్రిములలో పెక్కు ఆ జాతి మందులను లక్ష్యపెట్టవు. ఇది ఎవరి పుణ్యము?

జలుబు వైరసు వలన వచ్చునది. దానికి మనము వైద్యుని చీటీ లేకయే ఎజిత్రోమైసిన్ కొందుము. జ్వరము తగ్గగానే మిగిలిన మాత్రలు దాచి పొరుగింటి బిడ్డకు దానము చేయుదుము! ఆ జలుబు ఎట్లును దానంతటదియే తగ్గును. గొంతులో నున్న న్యుమోకాకస్‌లలో మాత్రము మెత్తనివి చచ్చి మొండివి మిగులును. పైగా ఈ క్రిమి ఇతర క్రిముల జన్యుపదార్థమును గ్రహించి వాని నిరోధశక్తిని తనదిగా చేసికొనగలదు.

2012లో వైద్యసంఘములు ఈ నగరముననే కూడి 'చెన్నై ప్రకటన' చేసినవి. కొన్ని యాంటీబయాటిక్‌లు కొన్నవారి పేర్లు దుకాణదారు వ్రాసియుంచవలెనను నిబంధన 2014 మార్చి 1 నుండి అమలులోనికి వచ్చినది. మనమో, చీటీ అడిగిన దుకాణమునకు మరల పోము.

టీకా విషయమున మాత్రము ఇంత తొందర కానరాదు. తమిళనాట 2021 నుండి శిశువులకు న్యుమోకాకల్ టీకా ఉచితము: ఆరవ వారమున, పదునాలుగవ వారమున, తొమ్మిదవ నెలలో. మీ మనుమనికి ఎన్ని పడినవో టీకా కార్డు తీసి చూడుడు.