బ్రేక్ ఆయిల్‌కూ గడువుంది

కారు సర్వీసింగ్ బిల్లు చేతికొస్తే యజమాని కళ్లు ఇంజన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టర్, వాటర్ వాష్ మీదుగా కిందికి దిగుతాయి. సీట్ల షాంపూకీ, బాడీ కోటింగ్‌కీ వేలు కట్టడానికి కొందరు వెనకాడరు. బ్రేక్ ఆయిల్ మార్పు అనగానే మాత్రం "బ్రేకులు బాగానే పడుతున్నాయిగా, ఇప్పుడెందుకు?" అని కొట్టేయిస్తారు. నిజానికి కొట్టేయించాల్సింది ఆ కోటింగే.

పెడల్ మీద కాలి ఒత్తిడిని నాలుగు చక్రాలకూ మోసుకెళ్లేది ఈ ద్రవమే. ద్రవం నొక్కినా అణగదు కాబట్టే బ్రేకు పడుతుంది. కానీ మామూలు కార్లలో వాడే గ్లైకాల్ రకం ఆయిల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది. రబ్బరు గొట్టాల గుండా కూడా నీరు కొద్దికొద్దిగా చేరుతుంటుంది. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల సెల్సియస్ లోపు మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు ఈ అంకెలు 230, 155.

ఊళ్లో తిరిగినన్నాళ్లూ ఈ తేడా తెలియదు. తిరుమల కొండ దిగేటప్పుడు తెలుస్తుంది. దిగడానికి 40 నిమిషాలకు తగ్గకూడదని అక్కడ నిబంధన ఉన్నా, గేరు న్యూట్రల్‌లో వేసి బ్రేకు మీదే కాలుంచి దిగేవాళ్లకు కొదవ లేదు. డిస్కుల వేడి కేలిపర్లకు పాకి, పాత ఆయిల్ మరిగి ఆవిరవుతుంది. ఆవిరి నొక్కితే అణిగిపోతుంది, పెడల్ నేలకు తాకుతుంది. చల్లారాక పెడల్ మళ్లీ మామూలే. మెకానిక్‌కు చూపిస్తే లోపమేమీ కనపడదు!

చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. తేమకు కిలోమీటర్ల లెక్క తెలియదు. విశాఖలోనో కాకినాడలోనో నెలల తరబడి షెడ్డులో ఉన్న కారులోనూ ఆయిల్ పాతబడుతుంది.

ఏ రకం పోయాలో రిజర్వాయర్ మూత మీదే రాసి ఉంటుంది. రోజువారీ కార్లలో చాలావాటికి డాట్ 4 చాలు. పెద్ద అంకె చూసి మోసపోకూడదు: డాట్ 5.1 గ్లైకాల్ రకమే, డాట్ 5 మాత్రం సిలికాన్. దాన్ని వీటితో కలపకూడదు. ఇంజన్ ఆయిల్ చుక్క పడినా లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. నిరుడు సీలు తీసి అటక మీద పెట్టిన సగం బాటిల్ పారేయాల్సిందే.

ఇక మార్చే తీరు. కొన్ని షెడ్లలో సిరంజితో రిజర్వాయర్‌లోది లాగేసి కొత్తది పోసి, పని అయిపోయిందంటారు. గొట్టాల్లో, కేలిపర్లలో పాతదే మిగులుతుంది; వేడెక్కేదీ అక్కడే. సరైన పద్ధతిలో ఒక్కో చక్రం దగ్గర నిపుల్‌కు సన్నటి ట్యూబు తగిలిస్తారు. లోపల కూర్చున్న కుర్రాడు పెడల్ తొక్కి పట్టుకుంటే, కింద ఉన్నవాడు నిపుల్ వదులు చేసి, బిగించి, "వదులు" అంటాడు. టీ డికాక్షన్ రంగు పోయి, బుడగల్లేకుండా లేత పసుపు ఆయిల్ వచ్చేదాకా ఇదే తంతు. మధ్యలో రిజర్వాయర్ ఖాళీ అయితే గాలి చేరుతుంది. ఏబీఎస్ ఉన్న కొన్ని కార్లకు స్కానర్ కూడా అవసరం. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

లెవెల్ తగ్గిందని ఊరికే పోసి ఊరుకోవడమూ పొరపాటే. ప్యాడ్లు అరిగి ఉండొచ్చు, లేదా ఎక్కడో కారుతుండొచ్చు.

సర్వీస్ సెంటర్లు ఇంజన్ ఆయిల్ మార్చిన తేదీతో స్టిక్కర్ అంటిస్తాయి. బ్రేక్ ఆయిల్‌కూ అలాంటిదే రిజర్వాయర్ పక్కన అంటించమని యజమానులు అడగాలి. రెండేళ్లు దాటిన కారైతే, కొండ ప్రయాణం పెట్టుకునే ముందే జాబ్ కార్డులో ఆ పని రాయించుకోవాలి.