ఆయాసం వెనక భయం

రామతీర్థంలో బోడికొండ మీది కోదండరాముణ్ని చూడాలంటే మెట్లెక్కాలి. ఏళ్ల తరబడి చుట్ట, బీడీ, కట్టెల పొయ్యి పొగ పీల్చి సీఓపీడీ బారిన పడినవారికి ఆ మెట్లే కాదు, ఇంటి గడప దాటడమూ కష్టమే.

నాలుగడుగులేస్తే ఆయాసం. ప్రాణం పోతుందేమోనన్న భయం. ఆ కంగారులో ఊపిరి పైపైన, గబగబా తీస్తారు. లోపలి గాలి పూర్తిగా బయటికి రాక ఆయాసం ఇంకా పెరుగుతుంది. దాంతో నడక మానేస్తారు. కాళ్లలో సత్తువ తగ్గుతుంది. పెళ్లిళ్లకూ వెళ్లరు. దిగులు మొదలవుతుంది.

పల్మనరీ రిహాబిలిటేషన్ ఈ వలయాన్నే తెంచుతుంది. సాధారణంగా 6 నుంచి 8 వారాలపాటు నిపుణుల పర్యవేక్షణలో నడక, వ్యాయామాలు చేయిస్తారు. ముక్కుతో గాలి పీల్చి, ఈల వేస్తున్నట్టు పెదాలు పెట్టి నెమ్మదిగా వదలడం నేర్పుతారు. దెబ్బతిన్న ఊపిరితిత్తులు మునుపటిలా కావు. అయినా ఆయాసం, ఆందోళన తగ్గుతాయి.

ఇంట్లోవాళ్లూ ఒకటి గుర్తుంచుకోవాలి. ‘నువ్వు కదలకు నాన్నా’ అంటూ అన్నీ మంచం దగ్గరికే అందించకండి. ‘చుట్ట మానమంటే విన్నావా’ అని దెప్పకండి. డాక్టరు సరేనంటే రోజూ కాసేపు ఆయనతో కలిసి నడవండి. ఆయన ఆగినచోట మీరూ ఆగండి. దిగులు రెండు వారాలైనా వదలకపోతే, దగ్గుతోపాటు ఆ సంగతీ డాక్టరుకు చెప్పండి.