మా సంతకం కావాలి, మా మాట వద్దా?

మన్యంలోకి పరిశోధన పేరుతో ఎవరొచ్చినా 'స్థానిక సంస్థల సహకారంతో' అంటారు. ఆ సహకారం అంటే ఏమిటో మా ఆశ్రమ పాఠశాలలకు తెలుసు.

2009లో అమెరికాకు చెందిన పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఉమ్మడి ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా అధ్యయనం మొదలుపెట్టాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి టీకాలు వేశారు. వాళ్లలో హాస్టల్ పిల్లలూ ఉన్నారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ పని ఆపించింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక లెక్క చెప్పింది: మన రాష్ట్రంలో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ బాధ్యులవి. 1,948 మీద వేలిముద్రలు.

టీకా మంచిదా చెడ్డదా అన్నది మా తగువు కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మా ఆడవాళ్లకూ వస్తుంది. దాన్ని ఆపే మందు మాకూ కావాలి. ఆ రోజుల్లో చనిపోయిన పిల్లల మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణ సంఘం చెప్పింది. అయితే ముందు అడగనివాళ్లు తర్వాత చెప్పే మాట ఏ తల్లి నమ్ముతుంది?

'వార్డెన్ స్థానికుడే, బడి స్థానిక సంస్థే కదా' అని వాదిస్తారు. వార్డెన్ ప్రభుత్వ ఉద్యోగి. పైనుంచి ఉత్తర్వు వస్తే కాదనలేడు. కాదనే వీలు లేనివాడి 'సరే'కు విలువేముంది? తల్లిదండ్రులు పిల్లల్ని చూడటానికి హాస్టల్‌కు వస్తూనే ఉంటారు. కోయలో విడమరిచి చెప్పగల టీచర్లు బడిలోనే ఉన్నారు. షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు బలమిచ్చే పీసా చట్టం 1996లోనే వచ్చింది. అడగాలనుకుంటే దారులకు కొరత లేదు.

ఆఫ్రికా దక్షిణ ప్రాంతంలోని సాన్ ఆదివాసుల మీద జన్యు పరిశోధనలు జరిగాయి. వాళ్ల నాయకత్వ సంస్థలను అడిగినవాళ్లు లేరు. దాంతో వాళ్లు 2017లో తమ పరిశోధన నియమావళి తామే రాసుకున్నారు. న్యాయం, గౌరవం, శ్రద్ధ, నిజాయితీ, పద్ధతి: ఇవీ వాళ్లు పెట్టిన షరతులు. మనకెందుకు ఉండకూడదు?

మేము కోరేది ఇది. ప్రశ్న తయారయ్యేటప్పుడే గ్రామసభను, బడిని, ఆరోగ్య కేంద్రాన్ని కూర్చోబెట్టాలి. అలా కూర్చోబెడితే, క్యాన్సర్ పరీక్షకు మా ఆడవాళ్లు ఎంత దూరం పోవాలన్నది మేము మొదటి ప్రశ్నగా పెడతాం. టీకా వేసిన రాత్రి పిల్లకు జ్వరమొస్తే ఎవరు చూస్తారో ముందే రాసివ్వాలి. వచ్చిన నిధుల్లో మా ఆరోగ్య కేంద్రానికి, మా పిల్లల శిక్షణకు వాటా ఉండాలి. ఫలితాలు ముందుగా మా ఊరికి, మా భాషలో చెప్పాలి.

తోటి వార్డెన్లకు, హెడ్‌మాస్టర్లకు ఒక్క మాట. తల్లి పెట్టాల్సిన సంతకం మనం పెట్టొద్దు. ఉత్తర్వు చూపిస్తే, గ్రామసభ తీర్మానం ఏదని అడుగుదాం.