నేరాల చదువు ఆడపిల్లకెందుకంటే...

మా అమ్మాయి సైకాలజీ సబ్జెక్టుతో డిగ్రీ పూర్తి చేస్తోంది. తర్వాత ఫోరెన్సిక్ సైకాలజీలో ఎమ్మెస్సీ చేస్తానంటే ఇంట్లో దుమారం లేచింది. "దొంగలతో, హంతకులతో మాట్లాడే ఉద్యోగమా? రేపు సంబంధాలవాళ్లకి ఏమని చెప్తాం?" అన్నారు మా అత్తగారు. మావారు పైకేమీ అనకుండా బీఈడీ ఎంట్రన్సుకి దరఖాస్తు పెట్టించారు. నిజం చెప్పొద్దూ, నాకూ భయమే వేసింది.

"టీవీలో చూపించేది కాదమ్మా ఇది" అని అదే నన్ను కూర్చోబెట్టి చెప్పింది. నేరాలెందుకు జరుగుతాయి, ఎలా అరికట్టాలి అన్నది క్రిమినాలజీ. నిందితుల, బాధితుల, సాక్షుల మనసును న్యాయస్థానానికి ఉపయోగపడేలా పరిశీలించడం ఫోరెన్సిక్ సైకాలజీ.

నా మనసు మార్చింది మాత్రం 2012 నాటి పోక్సో చట్టం. దాని ప్రకారం బాధిత బిడ్డ వాంగ్మూలం ఇంటి దగ్గరో, బిడ్డ కోరిన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారే తీసుకోవాలి, ఒంటిమీద యూనిఫాం ఉండకూడదు. ప్రత్యేక కోర్టులో లాయర్లు బిడ్డను నేరుగా ప్రశ్నించకూడదు, జడ్జి ద్వారానే అడగాలి.

ఎందుకింత జాగ్రత్త? తల్లులకు తెలియనిదా! మా అమ్మాయికి ఐదేళ్లప్పుడు ఆవకాయ జాడీ పగిలింది. "నువ్వే కదూ?" అని నాలుగుసార్లు గద్దిస్తే ఏడుస్తూ "అవును" అంది. తీరా చూస్తే పిల్లి పని. ఇంట్లో అయితే ఒక జాడీతో పోయింది. కోర్టులో అలా అడిగితే ఒక బిడ్డకు న్యాయం పోవచ్చు, లేదా ఒక అమాయకుడు జైలుకి పోవచ్చు. అడగడం కూడా ఒక విద్యే. దానికి శిక్షణ కావాలి.

అలాగని ఆ పేరున్న ప్రతి కోర్సుకీ డబ్బు కట్టేయకండి. పోయినేడాది మా అమ్మాయి ఆన్‌లైన్లో మూడు నెలల "క్రిమినల్ ప్రొఫైలింగ్" కోర్సుకి పన్నెండు వేలు కట్టింది. వచ్చినవి పాత వీడియోలు, ఒక రంగుల సర్టిఫికెట్. అందుకే ముందు అడగండి: డిగ్రీకి యూజీసీ గుర్తింపు ఉందా? జైళ్లలో, ఆసుపత్రుల్లో, ల్యాబుల్లో ప్రాక్టికల్స్ ఉన్నాయా? క్లినికల్ సైకాలజిస్టు కావాలనుకుంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ వచ్చే కోర్సేనా? ఈ చదువులకోసమే గాంధీనగర్‌లో జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం ఉంది. 2020లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది.

జాడీ సంగతి గుర్తుచేస్తే మా అత్తగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే అడిగేవాళ్లలో ఆడవాళ్లుండాల్సిందేలే" అన్నారు. మావారు ఇంకా మెత్తబడలేదు. దూరం, హాస్టలు, ఉద్యోగం... ఆయన దిగులు న్యాయమైనదే, దాని గురించి కూర్చుని మాట్లాడుకుంటాం. "ఆడపిల్లకెందుకు" అన్న ఒక్క మాట మాత్రం ఇక మా ఇంట్లో వినిపించకూడదు. మీరేమంటారు?