ఫోన్ ఇటివ్వు అంటే?
2021 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు బైకుల మీద వెళ్లే కుర్రాళ్లను ఆపి, వాట్సాప్ తెరిపించి, అందులో 'గంజాయి' అని కొట్టి వెతికారు. వారంటు ఊసే లేదు. అకారణ సోదాలకు అడ్డుకట్ట వేసే అమెరికా నాలుగో సవరణ లాంటిది మన రాజ్యాంగంలో లేదని 1954లో ఎం.పి.శర్మ కేసులో అన్న సుప్రీంకోర్టే, 2017లో పుట్టస్వామి తీర్పుతో గోప్యతను ప్రాథమిక హక్కుగా నిలబెట్టింది. (అంతకుముందే, కలెక్టరు పంపిన మనిషి ఎవరైనా బ్యాంకులో కాగితాలు సోదా చేసి పట్టుకుపోవచ్చన్న ఆంధ్రప్రదేశ్ స్టాంపుల చట్ట సవరణను 2004లో కొట్టేసింది. మన సర్కార్లకిది కొత్త పాఠమేం కాదు.) మరి హక్కుకు పళ్లెందుకు లేవు? అదే సుప్రీంకోర్టు ఇచ్చిన పూరన్‌మల్ తీర్పు వల్ల. సోదా అక్రమమైనా, చట్టం ప్రత్యేకించి కాదంటే తప్ప, దొరికిన సరుకు సాక్ష్యంగా చెల్లుతుందని 1973లో చెప్పిన ఆ మాట ఇంకా నడుస్తోంది. గోడ దూకి తెచ్చినా సొమ్ము సొమ్మేనన్నమాట! ఇక పోలీసుకు జంకెందుకు? 2024 జులైలో అమల్లోకొచ్చిన నేర విచారణ చట్టం, నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ సోదాను వీడియో తీయమంటోంది, మంచిదే; తీయకపోతే ఏమవుతుందో మాత్రం ఆ సెక్షన్ చెప్పదు. అడ్డదారిలో పట్టుకొచ్చినదాన్ని కోర్టు గడప దాటనివ్వకుండా పార్లమెంటు ఇప్పటికైనా చట్టం తేవాలి.