నూటికి 57 మంది ఎక్కడ ఆడాలి?

క్రీడల మీద మన దగ్గర ఏ చర్చ మొదలైనా పతకాల పట్టిక దగ్గరే తెల్లారుతుంది. 2036 ఒలింపిక్స్ నాటికి మనవాళ్లెందరు, ఏ జిల్లాకు ఏ అకాడమీ, ఎవరికెంత నజరానా, ఇదే వరస. ఆటను ఊరి ఆరోగ్యంగా చూడండయ్యా అంటే ‘అవునవును, అదీ ముఖ్యమే’ అని ఒక వాక్యంతో సరిపెడతారు. ఆ ఒక్క వాక్యం చాలదని చెప్పే అంకె 2024 జూన్‌లోనే వచ్చింది. 2022 నాటికి మన దేశంలోని వయోజన మహిళల్లో నూటికి 57 మంది ఆరోగ్యానికి కావలసినంతగా ఒళ్లు కదిలించడం లేదని ‘లాన్సెట్ గ్లోబల్ హెల్త్’లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. మగవాళ్లలో 42 మంది. కావలసినంత అంటే ఎంతో కాదు, వారానికి 150 నిమిషాల చురుకైన నడకపాటి శ్రమ.

ఈ 57 మాట ఎత్తగానే వచ్చే జవాబు నాకు కంఠతా వచ్చు. ‘పొద్దున లేచింది మొదలు ఇంటిచాకిరీ చేసే ఆడవాళ్లకు వేరే వ్యాయామం ఎందుకు?’ ఆ అధ్యయనం ఇంటిపనిని వదిలేయలేదు. బతుకుతెరువు పని, ఇంటిపని, రాకపోకల నడక, ఆటపాటలు అన్నీ కలిపి లెక్కేస్తేనే 57 తేలింది. పొద్దస్తమానం పొయ్యి దగ్గర నిలబడితే నడుము పడిపోతుంది గానీ గుండె గట్టిపడదు.

మా ఊరి పక్కనుంచే జాతీయ రహదారి పోతుంది. తెల్లవారుజామున అయిదింటికి వెళితే, కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, కొడుకులు వదిలేసిన బూట్లు తొడుక్కుని, లారీల పక్కన తెల్లగీత అంచునే నడిచే ఆడవాళ్లు కనిపిస్తారు. షుగరుందని డాక్టరు నడవమన్నాడు, నడుస్తున్నారు. ఊళ్లో ఆటస్థలం లేక కాదు. ఉంది, బోర్డుతో సహా. నడిమధ్య మగపిల్లల క్రికెట్ పిచ్, వాలీబాల్ స్తంభాలకు కట్టేసిన గేదెలు, మూలన పొదల్లో సీసాపెంకులు. లైటు లేదు, మరుగుదొడ్డి లేదు. చీకటి పడ్డాక అక్కడ చేరేవాళ్లను చూస్తే ఏ తల్లీ కూతుర్ని పంపదు. ‘అక్కడికెళ్లి ఏం చేస్తాంరా, అందరూ మా మొహాలే చూస్తుంటే’ అంది మా పిన్ని.

తెలంగాణలో 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాలన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ‘ఆడుదాం ఆంధ్ర’ పోటీల సంబరం 2023 డిసెంబరులో మొదలై 2024 ఫిబ్రవరికి ముగిసింది. సీఎం కప్పులూ జరిగాయి. ప్రభుత్వాలు మారినా తీరు ఒకటే. ఎన్ని పేర్లు నమోదయ్యాయో చెబుతారు, ఫైనల్స్ మర్నాటి నుంచి ఎంతమంది ఆడుతున్నారో చెప్పరు. ఆ 57 ఎంతకు తగ్గిందని అడిగేవాళ్లే లేరు. పోటీల వల్ల మారుమూల ప్రతిభ బయటపడుతుందన్నది నిజమే, కాదనను. కానీ నాకౌట్ పోటీలో మొదటి రౌండుకే సగం జట్లు ఇంటికెళ్లిపోతాయి. ఊరి ఆరోగ్యం బాగుపడాలంటే ఓడినవాళ్లు మర్నాడు మళ్లీ మైదానానికి రావాలి.

2025 జూలైలో కేంద్రం ఆమోదించిన జాతీయ క్రీడా విధానం ‘ఖేలో భారత్ నీతి’లో అయిదు మూలస్తంభాలున్నాయి. మొదటిది ప్రపంచ వేదికపై రాణింపు. క్రీడలను ప్రజా ఉద్యమం చేయడమన్నది నాలుగోది. ఆంధ్రప్రదేశ్ కొత్త క్రీడా విధానం ఒలింపిక్ స్వర్ణానికి 7 కోట్లు ప్రకటించింది. ఇవ్వనివ్వండి, తెచ్చినవాళ్లు అర్హులే. ఊరి మైదానం గేటు తీసి, సాయంత్రం లైటు వేసే మనిషి జీతం గురించి అంత ధాటిగా మాట్లాడేదెవరు?

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలవగానే ఊరేగించాం. మేధోవైకల్యం ఉన్న ఆ పిల్లను చిన్నప్పుడు ఎన్నెన్ని మాటలన్నారో కూడా అప్పుడే చదివి బాధపడ్డాం. పక్క మండలంలోని అలాంటి పిల్ల ఎన్నటికీ పతకం తేకపోవచ్చు. అంతమాత్రాన సాయంత్రం తోటిపిల్లలతో ఆడుకునే హక్కు ఆమెకు లేదా? నడవలేని పిల్లల చక్రాల కుర్చీ ఊరి క్రీడా ప్రాంగణం గేటు దాకానైనా పోగలదా?

స్టేడియాలు ఎవరడిగారు? అయిదు నుంచి ఏడు దాకా ఆడవాళ్లకే వదిలేసిన మైదానం, రెండు లైట్లు, నీళ్లొచ్చే మరుగుదొడ్డి, దగ్గరుండి ఆడించే ఒక మనిషి చాలు. ఆ మనిషి అదే ఊరి అమ్మాయైతే మరీ మంచిది. డ్వాక్రా సంఘాలు ఊరూరా ఉన్నాయి. పొదుపు లెక్కలు రాసే చేతులు ఆట హాజరూ రాయగలవు. డబ్బుల్లేవని మాత్రం చెప్పకండి. ముగింపు సభ షామియానాలకు, ఫ్లెక్సీలకు, జనాన్ని తోలే బస్సులకు ఎక్కడి నుంచి వచ్చాయో అక్కడి నుంచే వస్తాయి. డయాలసిస్ పడకలు పెంచామని గొప్పలు చెప్పుకునే పాలకులకు షుగరు ముదిరి ఆ పడకల దాకా జనం ఎలా వస్తున్నారో పట్టదా? 57 మంది! ఇంకెంత పెరిగితే కళ్లు తెరుస్తారు?

ఈసారి కప్పు ప్రకటించే మంత్రిగారు వేదిక ఎక్కేముందు ఒక్కటి అడగాలి: నిన్న సాయంత్రం ఈ మండలంలో ఎంతమంది ఆడవాళ్లు ఆడారు? అధికారులు అంకె చెప్పలేకపోతే ఆ కప్పు ఆపేయాలి. ఆ డబ్బుతో ముందు మా ఊరి మైదానంలో లైటు వేయించండి. మా పిన్ని ఈ రోజు పొద్దున కూడా లారీల పక్కనే నడిచింది.