రంగును నమ్మి పిల్లల పళ్లు పాడుచేయకండి

“ఫ్లోరైడు పేస్టు విషం. పసుపు, దానిమ్మ తొక్క, కరక్కాయ పొడితో తోమితే చాలు, జన్మలో పిప్పిపన్ను రాదు” అనే సందేశం మీ ఫోనుకు కూడా వచ్చే ఉంటుంది. అందులో కొంత నిజం ఉన్నది. ప్రమాదమంతా అక్కడే.

ఆ నిజమేమిటో ముందు చెబుతాను. పళ్లు పుచ్చటంలో ముఖ్యపాత్ర స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే సూక్ష్మజీవిది. మనం తిన్న చక్కెరలో కొంత భాగాన్ని అది ఆమ్లంగా మారుస్తుంది. మరికొంత భాగాన్ని జిగురుగా మార్చి పంటికి అంటిపెట్టుకుంటుంది. పంటిపై పిహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామిల్‌లోని ఖనిజం కరగనారంభిస్తుంది. క్రాన్‌బెర్రీలోని పాలీఫినాల్స్ ఆ జిగురును తయారుచేసే ఎంజైములను అడ్డుకుంటాయనీ, పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ ఆ జీవి పంటికి అతుక్కోవటాన్ని తగ్గిస్తుందనీ ప్రయోగశాలల్లో తేలింది. ఇది గౌరవించదగిన పరిశోధనే.

అయితే ప్రయోగశాలలోని గాజుపళ్లెం నోరు కాదు. అక్కడ సూక్ష్మజీవులు గంటల తరబడి ఆ ద్రావణంలో నానుతాయి. నోటిలోనో, లాలాజలం కొద్ది నిమిషాల్లోనే కడిగివేస్తుంది. పైగా కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు. అన్నిటికీ మించి, కరిగిపోయిన ఖనిజాన్ని తిరిగి పంటికి చేర్చటంలో ఫ్లోరైడు చేసే సాయం ఈ రంగులు చేస్తాయనటానికి తగిన ఆధారం లేదు.

ఈ మోజు కొత్తదేమీ కాదు. 1950ల తొలినాళ్లలో అమెరికాలో క్లోరోఫిల్ కలిపిన ఆకుపచ్చ పేస్టులు విరగబడి అమ్ముడుపోయాయి. నోటి దుర్వాసన మాయమవుతుందన్నారు. రోజంతా పచ్చగడ్డి మేసే మేక దగ్గర అంత వాసన ఎందుకని జనమే నవ్వారు. మన ఎర్ర పళ్లపొడుల సంగతి మరీ విచిత్రం. చాలావాటిలో ఆ ఎరుపు ఏ మొక్కదీ కాదు, గైరికం అనే ఎర్రమట్టిది! ఒకప్పుడు పళ్లపొడుల్లో పొగాకు సైతం కలిపేవారు. 1992లో ప్రభుత్వం నిషేధించవలసి వచ్చింది.

ఫ్లోరైడు అనగానే మనవారికి నల్లగొండ గుర్తుకు వస్తుంది. ఆ భయం న్యాయమైనదే, కాని దాని మూలం పేస్టు కాదు, నీరు. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్న నీటిని రోజుకొక లీటరు తాగిన బిడ్డ కడుపులోకి 4 మిల్లీగ్రాములు వెళుతుంది. 1000 పీపీఎం పేస్టును బఠాణీగింజంత, అంటే సుమారు పావు గ్రాము, మొత్తం మింగివేసినా వెళ్లేది పావు మిల్లీగ్రామే. అటువంటి ఊళ్లలో మార్చవలసినది తాగునీటిని. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆపైన ఆరేళ్ల వరకు బఠాణీగింజంత పేస్టు చాలు. పెద్దవారు దగ్గరుండి తోమించి, ఉమ్మివేయించాలి.

“పాలపళ్లే కదా, ఎలాగూ ఊడతాయి” అనకండి. వెనుక పాలదంతాలు పది పన్నెండేళ్ల వరకు ఉండవలసినవి. బుగ్గ వాచి, జ్వరంతో, అన్నం నమలలేక ఏడుస్తూ ప్రభుత్వాసుపత్రికి వచ్చే పిల్లలను చూసినవారెవరూ ఆ మాట అనలేరు.

పసుపును పప్పులో వేసుకోండి, దానిమ్మను తినండి, ఎవరు వద్దన్నారు? రాత్రి పాలసీసా నోట్లో పెట్టి బిడ్డను నిద్రపుచ్చటం మానండి. ఇక ఆ పొడి అమ్మేవారిని ఒక్క మాట అడగండి: మీ పొడితో తోమిన పిల్లలనూ, ఫ్లోరైడు పేస్టుతో తోమిన పిల్లలనూ రెండు మూడేళ్లు గమనించి, పుచ్చిన పళ్లను లెక్కపెట్టారా? ఆ లెక్క ఎక్కడుంది?